ఒకే ట్యాంకులో రెండు తాబేళ్లు: కరుచుకోకుండా పెంచే ఏర్పాట్లు

అక్వేరియం షాపుకు ఒక తాబేలు కోసం వెళ్లినవాళ్లు చాలాసార్లు రెండింటితో బయటికొస్తారు. "ఒక్కటే అయితే బెంగ పెట్టుకుంటుంది సార్, జంటగా తీసుకోండి" అనే మాట అమ్మేవాళ్ల నోట సిద్ధంగా ఉంటుంది. తాబేలుకు ఆ బెంగ లేదు. తల్లి గుడ్లు పెట్టి, మట్టి కప్పి వెళ్లిపోతుంది. పిల్ల బయటపడ్డ రోజు నుంచీ దాని బతుకు దానిదే. చెరువులో ఒకే దుంగ మీద పది తాబేళ్లు ఎండ కాగుతూ కనిపించడం నిజమే. అక్కడ ఒకటి నోరు తెరిచి బెదిరిస్తే రెండోది బుడుంగున నీళ్లలోకి జారి కనుచూపు దాటిపోతుంది. గాజు ట్యాంకులో పారిపోవడానికి నాలుగు అడుగులే ఉంటాయి. కింద చెప్పే ఏర్పాట్లన్నీ ఆ నాలుగు అడుగుల్లో తప్పించుకునే దారి కల్పించడానికే.

ఇక్కడ చెప్పేది రెడ్ ఇయర్డ్ స్లైడర్ గురించి. కంటి వెనక ఎర్రటి చార ఉండే, మన షాపుల్లో పచ్చగా, పది రూపాయల బిళ్ళ కన్నా కాస్త పెద్దగా కనిపించే పిల్ల అదే. పుట్టిల్లు అమెరికాలోని మిసిసిపీ నదీ ప్రాంతం. మన చెరువుల్లో దొరికే మెత్తచిప్ప తాబేలు, పొలాల గట్ల మీద కనిపించే నక్షత్ర తాబేలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణలో ఉన్నాయి. వాటిని ఇంట్లో పెట్టుకోవడం నేరం. స్లైడర్‌కు తోడుగా వాటిలో ఒకదాన్ని తెద్దామన్న ఆలోచన అక్కడితో ఆపేయాలి. విదేశీ జాతులైనా రెండు రకాలను కలపకపోవడమే మేలు. ఒక జాతికి ఏమీ చెయ్యని క్రిములు ఇంకో జాతిని చంపగలవు. పైగా నీటి లోతు, తిండి, కరిచే బలం అన్నీ వేరు.

ఎన్ని, ఏవి

ముందు ఆడా మగా తేల్చుకోవాలి. చిక్కేమిటంటే, చిప్ప పొడవు దాదాపు 10 సెం.మీ. వచ్చేదాకా అది తేలదు. ఆ తర్వాత మగదాని ముందుకాళ్ల గోళ్లు సన్నగా, పొడుగ్గా పెరుగుతాయి. తోక మొదట్లో లావుగా ఉంటుంది, మలద్వారం చిప్ప అంచు దాటి బయటికి ఉంటుంది. ఆడదానికి గోళ్లు పొట్టివి, తోక చిన్నది, ఒళ్లు పెద్దది. మగది 15 నుంచి 20 సెం.మీ. దగ్గర ఆగితే, ఆడది 25 నుంచి 30 సెం.మీ. దాకా పోతుంది. కాబట్టి షాపువాడు "ఇది మగ, ఇది ఆడ" అని చూపించే పిల్లల విషయంలో ఆ మాటకు విలువ లేదు.

పెద్దయ్యాక ఏ కూర్పు ఎలా ఉంటుందంటే, రెండు ఆడవి కాస్త నెమ్మది. రెండు మగవి చాలావరకు కొట్టుకుంటాయి, అందులోనూ ట్యాంకులో ఆడది కూడా ఉంటే మరీ. అందరూ ముచ్చటపడే ఒక మగ, ఒక ఆడ జంట నిజానికి ఆడదానికి నరకం. మగది రోజంతా దాని ముఖం ముందు గోళ్లు ఆడిస్తూ, మెడ కొరుకుతూ వెంటపడుతుంది. తిండికీ ఎండకీ దాన్ని వదలదు. మగదాన్ని ఉంచాలంటే ఒకదానికి రెండు మూడు ఆడవి కావాలి, అంత ట్యాంకు ఇళ్లల్లో ఎక్కడ పెడతారు? మామూలు ఇంటికి కుదిరేవి రెండే: ఒక్క తాబేలు, లేదా ఒకే సైజు రెండు ఆడవి. పిల్లలుగా రెండు తెచ్చుకుంటే, ఏడాది రెండేళ్ల తర్వాత విడదీయాల్సి రావచ్చన్న లెక్క ముందే వేసుకోవాలి.

సైజు తేడా చిప్ప పొడవులో 2, 3 సెం.మీ. మించకూడదు. 12 సెం.మీ. తాబేలు పక్కన 4 సెం.మీ. పిల్లను వేస్తే, కదిలే తోకా కాళ్లూ దానికి తిండిలాగే కనిపిస్తాయి.

ఇవి 20, 30 ఏళ్లు బతికే జీవులు. పెద్దయ్యాక వద్దనిపించి గుడి కోనేట్లోనో ఊరి చెరువులోనో వదలడం పుణ్యం కాదు. స్లైడర్ మన తాబేళ్ల తిండినీ, ఎండ కాగే చోట్లనూ లాక్కుంటుంది. ఈ కారణంతోనే ఐరోపా యూనియన్ 1997లో దీని దిగుమతి ఆపేసింది. వదిలించుకోవాల్సి వస్తే చూసుకోగలిగే ఇంకో మనిషిని వెతకండి, లేదా అటవీ శాఖను అడగండి.

ట్యాంకు లెక్క

మొదటి తాబేలుకు చిప్ప పొడవు ప్రతి 2.5 సెం.మీ.కు 38 లీటర్ల నీళ్లు. అంటే సెంటీమీటరుకు దాదాపు 15 లీటర్లు. తర్వాత చేర్చే ప్రతిదానికీ అందులో సగం. ఇది నీళ్ల లెక్క, ట్యాంకు మీద రాసిన లెక్క కాదు. తాబేలు ట్యాంకును అంచుదాకా నింపరు.

10 సెం.మీ. తాబేళ్లు రెండుంటే 150 + 75, అంటే 225 లీటర్లు. నాలుగు అడుగుల పొడవు, రెండు అడుగుల వెడల్పు ఉన్న తొట్టిలో అడుగు లోతు నీళ్లు పోస్తే సరిగ్గా అంత వస్తుంది. 25 సెం.మీ. ఆడవి రెండైతే 375 + 190, దగ్గర దగ్గర 565 లీటర్లు. ఆరడుగుల పొడవు, రెండేసి అడుగుల వెడల్పు, ఎత్తు ఉన్న ట్యాంకు అంచుదాకా నింపితే 680 లీటర్లు. దాన్ని 50 సెం.మీ. దాకా నింపితే మీ లెక్క సరిపోతుంది. రెండు తాబేళ్లకు ఎత్తు కంటే పొడవు, వెడల్పు ముఖ్యం, ఎందుకంటే వెంటపడినప్పుడు పక్కకు తప్పుకోవాలి. లోతు మాత్రం చిప్ప పొడవుకు తగ్గకూడదు. తక్కువ నీళ్లలో ఒకటి ఇంకోదాన్ని వెల్లకిలా పడేస్తే అది తిరగలేక, తల ఎత్తలేక మునిగి చస్తుంది. తాబేలు నీళ్లలో చావదని చాలామంది అనుకుంటారు. దానికీ ఊపిరితిత్తులే.

565 లీటర్లంటే నీళ్ల బరువే 565 కిలోలు. అపార్ట్‌మెంటు బాల్కనీలో అంత బరువు పెట్టకండి. గది లోపల, బీమ్ ఉన్న గోడ పక్కన పెట్టాలి. గాజు అంత ధర పెట్టలేకపోతే పెద్ద ప్లాస్టిక్ తొట్టి అచ్చంగా అదే పని చేస్తుంది, చూడ్డానికి అంత బాగుండదంతే. పెరట్లో సిమెంటు తొట్టి కట్టిస్తే, కొత్త సిమెంటు నుంచి సున్నం దిగి నీళ్ల పీహెచ్ (ఆమ్ల, క్షార గుణం చూపే కొలత) పెరిగిపోతుంది. నీళ్లు నింపి, రెండు మూడు రోజులుంచి పారబోయడం రెండు మూడు వారాలు చెయ్యాలి. తొట్టిలో సగానికైనా రోజంతా నీడ ఉండాలి, పైన జాలీ ఉండాలి. కాకులు, గద్దలు, పిల్లులు పిల్లల్ని ఎత్తుకుపోతాయి.

అడుగున చిన్న గులకరాళ్లు వెయ్యకండి. మింగితే పేగుకు అడ్డుపడతాయి. వట్టి అడుగైనా సరే, తాబేలు తలకన్నా పెద్ద రాళ్లైనా సరే.

ఇక చూపు ఆపే అడ్డాలు. రెండు తాబేళ్లున్న ట్యాంకులో వీటికి మించిన సామాను లేదు. నిలువుగా పెట్టిన చెక్క దుంగ, పొడవాటి ప్లాస్టిక్ మొక్కల గుబురు, నిలబెట్టిన బండ ముక్క ఏదైనా పర్వాలేదు. ఒక మూల ఉన్నదానికి ఎదుటి మూల ఉన్నది కనపడకూడదు. దాక్కునే గుహ పెడితే దానికి రెండు వైపులా దారి ఉండాలి. ఒకే దారి ఉంటే అది గుహ కాదు, బోను. ఏ సందైనా తాబేలు హాయిగా దూరి వచ్చేంత వెడల్పుగా ఉండాలి, లేదా తల కూడా పట్టనంత ఇరుగ్గా ఉండాలి. అటూ ఇటూ కాని సందులో ఇరుక్కుని ఊపిరాడక చనిపోతాయి. హీటరు వెనకా, ఫిల్టరు పైపు పక్కనా ఉండే సందులు చాలామంది చూసుకోరు.

ఎండ కాగే మెట్లు రెండు

గొడవలు ఎక్కువగా మొదలయ్యేది ఇక్కడే. ఒక మెట్టు, దాని మీద ఒక దీపం పెడితే బలమున్నది దాన్ని ఆక్రమిస్తుంది. ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చుంటే "ఎంత ప్రేమో" అని ఫొటో తీస్తారు. కిందున్నదానికి వెచ్చదనం లేదు, వెలుగు లేదు, వీపు ఎండదు. కొన్ని నెలలకు చిప్ప మెత్తబడేదీ, చిప్ప మీద పుండ్లు వచ్చేదీ దానికే.

ట్యాంకు రెండు చివర్లా రెండు మెట్లు పెట్టండి. ఒక్కోటి పెద్ద తాబేలు చిప్పకు ఒకటిన్నర రెట్ల పొడవుండాలి. ఎక్కడానికి వాలు ఉండాలి, పైకెక్కాక ఒళ్లంతా నీటి బయట ఉండాలి. తాండూరు బండ ముక్కను గరుకు వైపు పైకి వచ్చేలా ఇటుకల మీద పెట్టుకోవచ్చు, కానీ అక్వేరియం సిలికాన్‌తో అతికించండి. వదులుగా పేర్చిన బండ జారితే కింద ఈదేది చితికిపోతుంది. తేలిక కావాలంటే పీవీసీ పైపులతో చట్రం చేసి, పైన సీలింగు లైట్లకు వాడే గళ్ల ప్లాస్టిక్ షీటు కేబుల్ టైలతో బిగించండి. పైపులకు రంధ్రాలు వెయ్యకపోతే చట్రం తేలిపోతుంది. పిల్ల తాబేళ్ల కాళ్లు గళ్లలో ఇరుక్కోకుండా ప్లాస్టిక్ గడ్డి చాప పరవండి.

రెండు మెట్ల మీదా వేడి దీపం వేరువేరుగా ఉండాలి. మెట్టు మీద 32 నుంచి 35 డిగ్రీలు, నీళ్లు 24 నుంచి 27 డిగ్రీలు. దీపాలు 10, 12 గంటలు వెలగాలి, రాత్రి ఆర్పాలి. యూవీబీ ట్యూబు (చిప్ప గట్టిపడటానికి కావలసిన, ఎండలో ఉండే అతినీలలోహిత కిరణాలిచ్చే దీపం) మాత్రం పొడవుది ఒకటి తీసుకుంటే రెండు మెట్లకూ అందుతుందేమో చూడండి. అందకపోతే రెండు కొనాల్సిందే. తాబేలు వీపుకు ట్యూబు దాదాపు 30 సెం.మీ. దూరంలో ఉండాలి, మధ్యలో గాజు ఉండకూడదు. గాజు యూవీబీని ఆపేస్తుంది. ఆ కారణానికే కిటికీ అద్దంలోంచి పడే ఎండ పనికిరాదు. ట్యూబు వెలుగుతూనే ఉన్నా ఏడాది తిరిగేసరికి యూవీబీ తగ్గిపోతుంది, మార్చాలి.

మన దగ్గర నిజమైన ఎండకు కరువు లేదు, వాడుకోండి. వారంలో రెండు మూడు సార్లు పొద్దున 20, 30 నిమిషాలు ప్లాస్టిక్ టబ్బులో, సగం నీడ వేసి, ఒక్కో తాబేలుకు ఒక్కో టబ్బు. వేసవిలో 8 గంటల లోపే ముగించాలి. గాజు ట్యాంకును ఎండలో పెడితే లోపలున్నవి ఉడికిపోతాయి. ఇది పోలిక కాదు, నిజంగానే.

చలికాలంలో తెలంగాణ ఉత్తరాన హీటరు తప్పదు, కోస్తాలో చాలా ఇళ్లకు అక్కర్లేదు. 100 లీటర్లకు 100 వాట్లు వేసుకోండి. రెండు తాబేళ్లు దొర్లాడే చోట గాజు హీటరు పగులుతుంది, ప్లాస్టిక్ గార్డు ఉన్నదే కొనండి. నీళ్లలో చెయ్యి పెట్టేముందు ప్లగ్గు తీసెయ్యండి.

ఫిల్టరు, నీళ్లు

చేపల లెక్కతో కొన్న ఫిల్టరు తాబేళ్లకు చాలదు. మీ నీళ్లు 300 లీటర్లైతే 600 నుంచి 900 లీటర్ల ట్యాంకుకని రాసి ఉన్న క్యానిస్టర్ ఫిల్టరు (ట్యాంకు బయట పెట్టే డబ్బా ఫిల్టరు) కావాలి. వారానికోసారి 25, 30 శాతం నీళ్లు మార్చాలి. మునిసిపల్ నీళ్లలోని క్లోరిన్ పోవడానికి యాంటీ క్లోరిన్ చుక్కలు వెయ్యండి. క్లోరిన్ తాబేలును చంపదు కానీ కళ్లు మండిస్తుంది, ఫిల్టరులో ఉన్న మేలు చేసే బ్యాక్టీరియాను చంపుతుంది. అందుకే స్పాంజిని కుళాయి కింద కడగకూడదు, ట్యాంకులోంచి తీసిన పాత నీళ్లలో పిండాలి. టెస్టు కిట్‌లో, మలమూత్రాల నుంచి పుట్టే అమ్మోనియా, నైట్రైట్ సున్నా ఉండాలి, నైట్రేట్ 40 పీపీఎం (లీటరుకు 40 మి.గ్రా.) దాటకూడదు. బోరు నీళ్లైతే చిప్ప మీద తెల్లటి పొర కడుతుంది. అది నీళ్లలోని ఖనిజ లవణాలే. మెత్తటి బ్రష్షుతో పోతుంది, జబ్బనుకుని మందులు రాయకండి.

నీళ్లు తోడే గొట్టాన్ని నోటితో పీల్చకండి. తాబేళ్ల ఒంటి మీద సాల్మొనెల్లా అనే, విరేచనాలు, జ్వరం తెచ్చే బ్యాక్టీరియా ఉంటుంది. చిన్న తాబేళ్లను నోట్లో పెట్టుకున్న పిల్లలు జబ్బు పడుతున్నారనే అమెరికాలో 4 అంగుళాల లోపు వాటి అమ్మకాన్ని 1975లో నిషేధించారు. ముట్టుకున్నాక సబ్బుతో చేతులు, తాబేలు గిన్నెలకు వంటింటి సింకు వద్దు, ఐదేళ్ల లోపు పిల్లల చేతికి ఇవ్వొద్దు.

తిండి దగ్గర

తాబేలు తల ఖాళీ డబ్బా అనుకుంటే అందులో పట్టేన్ని గుళికలు ఒక పూట తిండి. ఏడాది లోపు పిల్లకు రోజూ, ఆ తర్వాత రోజు విడిచి రోజు, పూర్తిగా ఎదిగినవాటికి వారంలో రెండు మూడు సార్లు. ఎదిగినవాటికి ఆకు రోజూ ఉండాలి. అజొల్లా అందుకు బంగారం లాంటిది. పశువులకు వేసేదే. నీళ్ల మీద తేలుతుంది, కుళ్లదు, రెండూ చెరో పక్కా తినొచ్చు. పాలకూర, తోటకూరల్లో ఆక్సలేట్లు ఎక్కువ, కాల్షియం ఒంటికి పట్టనివ్వవు, అప్పుడప్పుడే వెయ్యండి. కాల్షియం కోసం ట్యాంకులో కటిల్‌బోన్ (కటిల్‌ఫిష్ అనే సముద్ర జీవి లోపలి తెల్లటి చిప్ప) ముక్క ఎప్పుడూ తేలుతూ ఉండాలి. డబ్బాల్లో వచ్చే ఎండు రొయ్యలు చిరుతిండి మాత్రమే. అవే పెడితే కళ్లు ఉబ్బి, చిప్ప మెత్తబడి కూర్చుంటాయి. అన్నం, బ్రెడ్డు, బొరుగులు వద్దు.

రెండింటికీ ఒకే చోట గుళికలు చల్లితే తొందరలో ఒకదాని కాలు ఇంకోదాని నోట్లో పడుతుంది. రెండు చివర్లా ఒకేసారి వెయ్యండి. ఒకటి ఎప్పుడూ ముందుగా మింగేస్తుంటే, అదే వేడి ఉన్న నీళ్లు పోసిన వేరే టబ్బులో దానికి 15, 20 నిమిషాలు తిండి పెట్టి తీసుకురండి. ట్యాంకు నీళ్లూ శుభ్రంగా ఉంటాయి. రోజూ ఎత్తి దించడం కొన్నిటికి బెదురు. బాగా తింటున్న జతకు ఈ శ్రమ అక్కర్లేదు.

కొత్తదాన్ని చేర్చడం

1. కొత్త తాబేలును 60 నుంచి 90 రోజులు వేరే గదిలో, వేరే టబ్బులో ఉంచండి. నెట్టు, గొట్టం, బ్రష్షు కూడా వేరే. ముక్కు బుడగలు, ఒక పక్కకు ఒరిగి తేలడం, ఉబ్బిన కళ్లు, చిప్ప మీద వాసనొచ్చే మెత్తటి మచ్చలు ఉన్నాయేమో చూడండి. ఈ లోపు మలం పరీక్ష చేయిస్తే పురుగుల సంగతి తెలుస్తుంది.

2. ట్యాంకు మధ్యలో రంధ్రాలున్న అడ్డుగోడ పెట్టి, చెరో పక్కా ఒక వారం రెండు వారాలు ఉంచండి. మెట్టు, దీపం రెండు పక్కలా ఉండాలి. గోడ మీదికి దూసుకొచ్చి నోరు తెరిచేది ఉంటే, కలిపాక ఏమవుతుందో ఇక్కడే తెలిసిపోతుంది.

3. కలిపే రోజు రెండింటినీ బయటికి తీసి, లోపలి సామానంతా చోటు మార్చండి. పాతదానికి తన చోటన్న పట్టు పోవాలి.

4. ముందు రెండింటికీ తిండి పెట్టండి. కొత్తదాన్ని ముందు వదిలి, అరగంట తర్వాత పాతదాన్ని వదలండి.

5. మొదటి రోజు గంట, కళ్ల ముందు. తర్వాత రోజుకు కాస్త పెంచుతూ వెళ్లండి. మొదటి రెండు వారాలు రాత్రి విడిగానే.

ఎప్పుడు విడదీయాలి

రక్తం వచ్చేదాకా ఆగకండి. అంతకు ముందే చాలా కనిపిస్తుంది. ఒకటి ఎప్పుడూ మెట్టు మీదే, ఇంకోటి ఎప్పుడూ నీళ్లలోనే ఉండటం, లేదా ఒకటి భయంతో రోజంతా నీళ్లలోకి దిగకపోవడం. తోక చివర, వెనక కాళ్ల వేళ్ల దగ్గర చిన్న గాట్లు. మనం వచ్చినప్పుడు తప్ప తినకపోవడం. గోళ్లు ఆడించడం ఆడా మగా తెలియని పిల్లల్లో కూడా ఉంటుంది, అది పెత్తనం చూపించడం.

కంటి కన్నా త్రాసు నమ్మకం. వంటింట్లో వాడేలాంటిది, గ్రాము చూపించేది, వీటికోసమే ఒకటి కొని ప్రతి ఆదివారం తూచి రాసుకోండి. ఒకటి పెరుగుతూ ఇంకోటి మూడు నాలుగు వారాలు ఆగిపోయినా, తగ్గినా అది ఓడిపోతున్నట్టే. పైకి కొట్లాట కనపడకపోవచ్చు.

గాయమైతే వెంటనే వేరు చెయ్యండి. శుభ్రమైన నీళ్లతో కడిగి, గాయాలకు రాసే పొవిడోన్ అయోడిన్ మందును లేత టీ రంగు వచ్చేదాకా నీళ్లు కలిపి అద్దండి. ఎదిగినదాన్ని వెచ్చటి పొడి టబ్బులో ఉంచి, రోజుకు గంట రెండు గంటలు మాత్రం తాగడానికీ తినడానికీ నీళ్లలో వదలండి. చిన్న పిల్లను అంతసేపు ఎండబెట్టకూడదు, ఒంట్లో నీరు తగ్గిపోతుంది. ఎముక కనిపించినా, తోక తెగినా, చిప్ప పగిలినా ఇంటి వైద్యం వద్దు, సరీసృపాలు చూసే పశువైద్యుడి దగ్గరికే.

ఆడది తిండి మానేసి, మెట్టు మీద వెనక కాళ్లతో తవ్వుతూ, పారిపోవాలని చూస్తుంటే అది గొడవ కాకపోవచ్చు. మగది లేకపోయినా ఆడవి గుడ్లు పెడతాయి. 30 సెం.మీ. లోతున తడి మట్టి, ఇసుక కలిపి నింపిన టబ్బులో దాన్ని ఒంటరిగా వదలండి. చోటు దొరక్క గుడ్లు లోపలే ఆగితే ప్రాణం మీదికి వస్తుంది. గుడ్లు నీళ్లలో పెడితే రెండో తాబేలు వాటిని తినేస్తుంది.

విడదీసిన వాటిని గాయం పూర్తిగా మానాక, కనీసం నెల రోజుల తర్వాత, అడ్డుగోడ దగ్గర్నుంచి మళ్లీ మొదలుపెట్టి ఒక్కసారి ప్రయత్నించవచ్చు. రెండోసారి కూడా కరిస్తే ఇక కలపకండి. ఇందుకోసమే రెండో తాబేలును తెచ్చే రోజుకే ఇంకో పెద్ద టబ్బు, దీపం, చిన్న ఫిల్టరు ఇంట్లో ఉండాలి. వాటికి చోటు లేకపోతే ఒక్కదానితోనే ఆగండి.